పార్లమెంటుకు పంపిన అర్జీ బ్రిటన్ చరిత్ర కాదా? బ్రిటిష్ స్టడీస్ సదస్సుల ప్రోగ్రామ్ కమిటీలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ బ్రిటిష్ స్టడీస్ (బ్రిటన్ చరిత్ర, సంస్కృతుల అధ్యయనం) సదస్సులు నడిపే ప్రోగ్రామ్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

గోదావరి తీరంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూ, పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తున్నాను. 1850ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు వెళ్లిన అర్జీలు నా పరిశోధనాంశం. ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో, తిరుపతిలో, అనంతపురంలో మీ సదస్సు ప్రకటన చూసి, అబ్‌స్ట్రాక్ట్ కూడా రాసుకుని, ‘ఇది మనకు అయ్యే పని కాదులే’ అని ఫైలు మూసేసిన స్కాలర్లు నాకు తెలుసు. నేను మిమ్మల్ని ఏం అడుగుతున్నానో వాళ్లకూ తెలియాలి. రేపు వాళ్లూ అడగాల్సి రావచ్చు.

కిందటిసారి నేను పంపిన ప్రతిపాదనకు ఒక సంఘం నుంచి మర్యాదగా రెండు వాక్యాల జవాబు వచ్చింది. అంశం బాగుందట, కానీ దక్షిణాసియా అధ్యయనాల సదస్సులో అయితే దీనికి తగిన శ్రోతలు దొరుకుతారట. ఆ సంఘం పేరు చెప్పను. ఇదే జవాబు వేరే వేరే చోట్ల నుంచి నా మిత్రులకూ వచ్చింది కాబట్టి దీన్ని ఏ ఒక్కరి తప్పుగానో చూడటం లేదు. మీ రంగంలో పాతుకుపోయిన అలవాటుగా చూస్తున్నాను. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ జవాబుతో నేనెందుకు ఏకీభవించడం లేదో చెప్పాలంటే నా ప్రతిపాదనకు అంశమైన 1852 నాటి అర్జీ సంగతి కొంచెం చెప్పాలి.

గాజుల లక్ష్మీనరసు శెట్టిది మద్రాసులో బట్టలు, నీలిమందు వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. ఆయన 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లిష్ పత్రిక పెట్టారు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. ఆ మరుసటి ఏడాదే ఈస్టిండియా కంపెనీ చార్టర్ (పాలించడానికి ఇచ్చిన అనుమతి పత్రం) మళ్లీ పార్లమెంటు ముందుకు రావాలి. ఆ గడువు చూసుకునే అసోసియేషన్ 1852 చివర్లో లండన్‌కు అర్జీ పంపింది. శిస్తుల బరువు, వసూళ్లలో దౌర్జన్యం, ఏళ్లకేళ్లు తెమలని కోర్టు వ్యాజ్యాలు, రోడ్లు లేకపోవడం, చెరువులూ కాలువలూ పాడుపడటం, బడులు లేకపోవడం, ఇలా ప్రెసిడెన్సీ బాధలన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత హెన్రీ డాన్బీ సేమర్ అనే కామన్స్ (బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ) సభ్యుడు 1853లో స్వయంగా మద్రాసుకు వచ్చారు. లక్ష్మీనరసు శెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పారు. శిస్తు కట్టలేని రైతును కచేరీలో ఏం చేస్తారో కళ్లకు కట్టారు. 1854 జులైలో కామన్స్ సభలో ఇదంతా చర్చకు వచ్చింది. ఆ ఏడాదే ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో మద్రాసులో విచారణ కమిషన్ వేశారు. హింసకు గురైన వాళ్లు ముందుకు రావాలని కమిషన్ ప్రకటించగానే దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. కొందరు తమ ఖర్చులతో ఎంతో దూరం నుంచి నడిచి వచ్చి చెప్పుకున్నారు.

1855లో వచ్చిన ఆ నివేదిక చదవడం కష్టం. చేతివేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కే కిట్టీ గురించి, మెడకూ కాలి బొటనవేళ్లకూ తాడు కట్టి మనిషిని వంచి ఎండలో నిలబెట్టడం గురించి అందులో వివరంగా ఉంది. హింస జరుగుతున్నదని కమిషన్ ఒప్పుకుంది. అయితే నేరమంతా కింది స్థాయి దేశీయ ఉద్యోగులదే అనీ, దొరలకు దీంతో సంబంధం లేదనీ, జనం కూడా అలాగే నమ్ముతున్నారనీ తేల్చింది. లండన్‌లో బ్లూ బుక్‌గా (పార్లమెంటు కోసం అచ్చు వేసే అధికారిక నివేదికగా) అచ్చయిన ఈ సంగతుల ఆధారంగానే 1857 సెప్టెంబరులో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో వ్యాసం రాశాడు. అప్పటికి ఉత్తరాన తిరుగుబాటు రగులుతోంది, సిపాయిల అత్యాచారాల గురించి లండన్ పత్రికలు రోజూ రాస్తున్నాయి. ఆ వాదన మధ్యలోకి మార్క్స్ తెచ్చిన సాక్ష్యం మద్రాసు రైతుది. ఆ తర్వాత 1859లో మద్రాసులో కొత్త పోలీసు చట్టం వచ్చి, శిస్తు వసూలు చేసేవాళ్ల చేతుల్లోంచి పోలీసు పని తప్పించారు.

ఈ కథలో కామన్స్ సభ ఉంది, చార్టర్ ఉంది, బ్లూ బుక్ ఉంది, లండన్ పత్రికల రంగం ఉంది. వెస్ట్‌మినిస్టర్‌కు చిరునామా రాసి పంపిన అర్జీ అది. దాన్ని ఎక్కడో దక్షిణాసియా సదస్సుకు తీసుకెళ్లి చెప్పుకోమంటే, అర్జీ పెట్టినవాడి చరిత్ర ఒక గదిలో, అర్జీ అందుకున్నవాడి చరిత్ర ఇంకో గదిలో ఉంటుంది. ఇద్దరి మధ్య జరిగిందేమిటో ఏ గదిలోనూ ఎవరూ చూడరు.

దక్షిణాసియా సదస్సులంటే నాకు గౌరవం. అక్కడ నా పని గురించి అడిగే ప్రశ్నలు నాకు కావాలి. జాతీయోద్యమానికి ఈ అసోసియేషన్ ఎంతవరకు నాంది, 1885లో కాంగ్రెస్ పుట్టడానికి ముందు ఇలాంటి సంఘాలు ఏ వర్గాల చేతుల్లో ఉన్నాయి, రైతు పేరుతో మాట్లాడిన వర్తకుడికి రైతుతో ఉన్న సంబంధమేమిటి, ఇవన్నీ గట్టి ప్రశ్నలే. కానీ మీ గదిలో అడిగే ప్రశ్న వేరు. ఒకసారి ఒక చిన్న ప్రాంతీయ సదస్సు నన్ను ఆన్‌లైన్‌లో మాట్లాడనిచ్చింది. మాకు అర్ధరాత్రి దాటింది. అప్పుడు వ్యాఖ్యాతగా ఉన్నావిడ చార్టిస్టుల మీద, అంటే ఓటు హక్కు కోసం పోరాడిన బ్రిటిష్ కార్మికుల మీద పని చేసిన చరిత్రకారిణి. చార్టిస్టులు 1839లో, 1842లో, 1848లో మూడుసార్లు పార్లమెంటుకు మహా అర్జీలు తీసుకెళ్లారు. 1842 అర్జీ మీద 33 లక్షలకు పైగా సంతకాలున్నా, వాళ్ల మాట వినడానికి కామన్స్ సభ నిరాకరించింది. అనుకూలంగా 49 ఓట్లు, వ్యతిరేకంగా 287 ఓట్లు పడ్డాయి. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: మీ అర్జీకి సంతకాలు ఎవరు, ఎక్కడ కూర్చుని సేకరించారు? బజారులోనా, గుడి మండపంలోనా, వ్యాపారుల కొట్టు అరుగు మీదా? చార్టిస్టుల అర్జీలను ఆమె అలాగే చదివింది. సంతకాల వెనక ఉన్న మనుషుల్ని, వీధుల్ని, సమావేశాలను వెతికింది.

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. నా థీసిస్‌లో ఇప్పుడు ఒక అధ్యాయం మొత్తం దాని మీదే ఉంది. మాంచెస్టర్ నేతగాడూ మద్రాసు వర్తకుడూ పదేళ్ల తేడాలో ఒకే సభ తలుపు ఎలా తట్టారు, ఒకరి నుంచి మరొకరి దాకా అర్జీ రాసే పద్ధతి ఏ దారిన వచ్చింది అనేది బ్రిటన్ చరిత్రకు పనికొచ్చే ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ఆవిడా నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. నేను మీ దగ్గరికి వస్తానంటున్నది ఇందుకు. సీవీలో ఒక లైను కోసం అయితే ఇంత అవస్థ అక్కర్లేదు, ఇక్కడే దొరుకుతుంది.

ఇది ఒక్క 1850ల సంగతి కూడా కాదు. ఇంగ్లిష్ కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో దిగింది, అంటే మద్రాసు కోట కట్టడానికి ముందే. కృష్ణా తీరంలో చిరివేరుతో ఎర్ర రంగు అద్దిన బట్ట పదిహేడో శతాబ్దం చివరికి లండన్ ఆడవాళ్ల గౌన్లయింది. దాంతో ఇంగ్లండ్‌లో ఉన్ని, పట్టు నేతగాళ్ల పని దెబ్బతిన్నది. 1701 నుంచి అద్దకపు బట్టల దిగుమతిని అక్కడ వాడకానికి నిషేధించారు. అది చాలక 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో పడి కేలికో (మన నూలు అద్దకపు బట్ట) కట్టుకున్న ఆడవాళ్ల మీద దాడులు చేశారు, బట్టలు చింపారు, సిరా పోశారు. 1721లో పార్లమెంటు ఆ బట్ట కట్టడాన్నే నిషేధించింది. 1774 దాకా ఆ చట్టం నిలిచింది. స్పిటల్‌ఫీల్డ్స్ అల్లర్ల మీద మీ సదస్సుల్లో పేపర్లు వస్తూనే ఉంటాయి. ఆ బట్ట నేసిన, అద్దిన ఊళ్ల గురించి తెలిసిన మనిషి మాత్రం ఆ ప్యానెల్‌లో అరుదు. పెడనలో, మచిలీపట్నంలో కలంకారీ అద్దకం ఇప్పటికీ నడుస్తోంది. ఆ బట్ట ఎన్ని చేతులు మారేది, ఏ నీటిలో ఉతికితే ఆ ఎరుపు నిలిచేది, అడ్వాన్సు ఇచ్చిన కంపెనీ దళారితో అద్దకందారు ఎలా బేరమాడేవాడు అని అక్కడి స్కాలరు చెబితే, లండన్‌లో నేతగాడికి అంత కోపం ఎందుకొచ్చిందో మీకూ ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఇంకొక సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. ఎందుకంటే తెలుగువాడి పరిశోధనా ప్రతిపాదనను ఇంగ్లిష్ విద్వత్సభ ఒకటి తోసిపుచ్చడం ఇదివరకే జరిగింది.

స్కాట్లండ్‌లో లూయిస్ దీవి నుంచి వచ్చిన కాలిన్ మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. దక్షిణాదిలో ఆయన కూడబెట్టిన కైఫీయత్తులు (ఊళ్ల చరిత్ర చెప్పే స్థానిక రికార్డులు), తాళపత్రాలు, శాసనాల నకళ్లు లేకుండా తెలుగు దేశపు గ్రామచరిత్ర రాయలేం. మెకంజీకి దేశభాషలు రావు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. ఆయనకు దారి చూపింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వాళ్లలో వెంకట బొర్రయ్య 1796లో మెకంజీ దగ్గర చేరి, చిన్న వయసులోనే 1803లో చనిపోయాడు. భారతీయ విజ్ఞానపు వాకిట్లోకి తనకు ప్రవేశం దొరికింది ఆ బ్రాహ్మణ యువకుడి పరిచయంతోనే అని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత భుజాన వేసుకున్నాడు. ఊరూరికీ మనుషుల్ని పంపడం, వచ్చిన కాగితాలు సరిచూడటం, సారాంశాలు రాయించడం అన్నీ ఆయనే చూశాడు. మరో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లిష్‌లో పుస్తకమే అచ్చు వేశాడు.

1821లో మెకంజీ చనిపోయాడు. మిగిలిన పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య మద్రాసు ప్రభుత్వానికి ప్రతిపాదన పెట్టుకున్నాడు. ప్రభుత్వం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సలహా అడిగింది. సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ 1836లో ఇచ్చిన అభిప్రాయం ఏమిటంటే, ఆ పనికి లక్ష్మయ్యే కాదు, అసలు ఏ దేశీయుడూ సరిపోడని. పని విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లింది. ఆ కాగితాలను దాదాపు మూడు దశాబ్దాలు చేతులతో తడిమి, చదివి, వర్గీకరించిన మనిషి బయట నిలబడిపోయాడు.

మీరు ప్రిన్సెప్ లాగా ఆలోచిస్తున్నారని నేను అనడం లేదు. అలా అనుకునే వాళ్లు మీలో ఒకరు కూడా ఉండరని నమ్ముతాను. ఉత్తర అమెరికా బ్రిటిష్ స్టడీస్ సంఘం 1950లో మొదలైంది. 1999లో పీటర్ స్టాన్స్కీ నాయకత్వాన ఆ సంఘం తన రంగం భవిష్యత్తు మీద నివేదిక రాయించుకుని, బ్రిటన్ చరిత్రను సామ్రాజ్యంతో, ప్రపంచంతో కలిపి చదవాలని చెప్పుకుంది. ఆ మాటకు తగ్గట్టు మీ కార్యక్రమ పట్టికల్లో సామ్రాజ్యం మీద ప్యానెళ్లు చాలా పెరిగాయి. అయితే ఆ ప్యానెళ్లలో సామ్రాజ్యపు మనుషుల భాష చదివి వచ్చినవాళ్లు, అదీ వాళ్ల ఊళ్ల నుంచే వచ్చినవాళ్లు, ఎంతమంది? అంశాన్ని లోపలికి రానిచ్చారు. ఆ అంశంతో బతుకుతున్న పరిశోధకుడికి మాత్రం తలుపు దగ్గర ఎన్నో అడ్డంకులున్నాయి. అవి దురుద్దేశంతో పెట్టినవి కావు. తేదీలు, ఫీజులు, ఫారాలు, ఇంతే. వాటి గురించే ఇప్పుడు మాట్లాడతాను.

మొదట తేదీలు. మీ ప్రకటన చలికాలం చివర వస్తుంది, ఎంపిక ఫలితం వేసవిలో చెబుతారు, సదస్సు శరదృతువులో. మధ్యలో ఉండేది కొద్ది నెలలు. 2022, 2023ల్లో హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో మొదటిసారి విజిటర్ వీసా అడిగేవాళ్లకు ఇంటర్వ్యూ స్లాట్ కోసం ఏడాదికి పైగా ఎదురుచూపులు నడిచాయి. రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని స్లాట్ తెరుచుకుందా అని పేజీ రిఫ్రెష్ చేసే ఆ టెన్షన్ తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. స్లాట్ దొరికి లోపలికి వెళ్తే, పెళ్లి కాని, పర్మనెంట్ ఉద్యోగం లేని, ఆస్తి లేని పాతికేళ్ల స్కాలరు చేతిలో వీసా నిరాకరించే 214(బి) కాగితం పెట్టి పంపేస్తారు. మీ ఆహ్వాన పత్రం ఆలస్యంగా వస్తే ఆ అవకాశం కూడా లేదు. నా విషయంలో ఒకసారి అదే జరిగింది. పేపరు తీసుకున్నారు, నాకు దొరికిన స్లాట్ సదస్సు అయిపోయాక ఉంది, వీడియోలో చదువుతానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. కార్యక్రమ పట్టికలో నా పేరు మీద గీత పడింది.

తర్వాత డబ్బు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేని పీహెచ్‌డీ స్కాలరుకు యూజీసీ ఇచ్చే ఫెలోషిప్ ఏళ్ల తరబడి నెలకు 8 వేల రూపాయలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అది కూడా లేదు. అమెరికా విజిటర్ వీసా దరఖాస్తు రుసుమే 185 డాలర్లు, సుమారు 16 వేల రూపాయలు. అంటే రెండు నెలల ఫెలోషిప్, అది కూడా వీసా వస్తుందో రాదో తెలియకముందే. ఆపైన సభ్యత్వం, రిజిస్ట్రేషన్, విమానం, హోటల్. మీరు ఇచ్చే ట్రావెల్ గ్రాంటు చాలాచోట్ల సదస్సు అయ్యాక బిల్లులు చూపిస్తే చేతికొస్తుంది. ముందు పెట్టుకోగలిగినవాడికే వెనక్కి ఇస్తారన్నమాట. అప్పు చేసి టికెట్ కొన్న కుర్రాడికి వీసా రాకపోతే ఆ అప్పు తీర్చేదెవరు? అలాంటి భయంతోనే వెనక్కి తగ్గినవాళ్లను నేను చూశాను. వాళ్లకు చొరవ లేదనడం అన్యాయం.

ఇక ప్యానెళ్లు. ముగ్గురు వక్తలు, ఒక అధ్యక్షుడు, ఒక వ్యాఖ్యాతతో కలిపి పూర్తి ప్యానెల్‌గా పంపితే ప్రాధాన్యం, ఒంటరి పేపరుకు అవకాశం తక్కువ. అమెరికాలోనో బ్రిటన్‌లోనో చదువుకునేవాళ్లకు గైడు, తోటి స్కాలర్లు, పాత సదస్సుల పరిచయాలు ఉంటాయి, ప్యానెల్ కట్టుకోగలరు. రాజమహేంద్రవరంలో ఉన్నవాడు ఎవరికి మెయిల్ చేయాలి? నేను పంపిన మెయిళ్లలో చాలావాటికి జవాబు లేదు. జవాబిచ్చిన ఒకరిద్దరి మేలు మాత్రం మరచిపోలేను.

అందుకని నా విన్నపాలు ఇవి. వీటిలో ఏదీ మీ శక్తికి మించినది కాదని ఆలోచించే రాస్తున్నాను.

వీసా అవసరమైన దేశాల నుంచి వచ్చే ప్రతిపాదనలను ముందుగా చూడండి. అందరికంటే రెండు మూడు నెలల ముందు వాళ్లకు ఫలితం చెప్పండి, ఆ వారంలోనే ఆహ్వాన పత్రం పంపండి. అంగీకరించిన పేపరు వీసా కారణంగా ఆగిపోతే ఆ అంగీకారం మరుసటి ఏడాదికి కూడా చెల్లుతుందని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. ఈ ఒక్క హామీ ఉంటే మనిషి ధైర్యంగా అప్లై చేస్తాడు.

రాలేనివాళ్లను వీడియోలో మాట్లాడనివ్వండి. సదస్సు మొత్తాన్ని ఆన్‌లైన్ చేయమనడం లేదు. కాఫీ దగ్గర, పుస్తకాల స్టాళ్ల దగ్గర జరిగే మాటల విలువ నాకు తెలుసు, హోటల్ హాళ్లలో ఆ ఏర్పాట్ల ఖర్చు కూడా తెలుసు. రెండే రెండు గదుల్లో ఆ సదుపాయం పెట్టండి. వేళ కూడా మీ చేతిలోనే ఉంది. నవంబరులో అమెరికా తూర్పు తీరాన ఉదయం 9 గంటల సెషన్ మాకు రాత్రి 7:30, లండన్‌లో ఉదయం 10 గంటలంటే మాకు మధ్యాహ్నం 3:30. దూరం నుంచి మాట్లాడేవాళ్లను ఉదయపు సెషన్లలో వేస్తే చాలు, అర్ధరాత్రి ఎవరూ మేలుకోనక్కర్లేదు.

ఒంటరిగా వచ్చిన మంచి పేపర్లను ప్యానెల్‌గా కూర్చే బాధ్యత కమిటీలో ఒకరికి అప్పగించండి. అలా కూర్చేటప్పుడు మా పేపర్లన్నీ తీసుకెళ్లి ‘సామ్రాజ్యం’ అనే ఒక్క గదిలో పెట్టవద్దు. మద్రాసు అర్జీని చార్టిస్టుల పక్కన, చిరివేరు అద్దకాన్ని స్పిటల్‌ఫీల్డ్స్ పక్కన, కావలి సోదరులను లూయిస్ దీవి చరిత్ర పక్కన పెట్టండి. అన్ని విన్నపాల్లోకీ నాకు ముఖ్యమైనది ఇదే. మిగతావి రేపు కాకపోతే ఎల్లుండి అవుతాయి, ఇది మాత్రం ఈ ఏడాదే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

తెలుగు, తమిళం, బెంగాలీ, ఉర్దూ ఆధారాలతో రాసిన పేపరుకు ఆ భాష చదవగలిగిన రెండో వ్యాఖ్యాతను పిలవండి. ఇది మా మీద దయతో చేయాల్సిన పని కాదు. భాష తెలిసినవాళ్లు గదిలో లేకపోతే నా అనువాదంలో పొరపాటు దొర్లినా పట్టుకునేవాళ్లు ఉండరు. మద్రాసు కమిషన్ ముందు ఫిర్యాదు చేసినవాళ్లలో అత్యధికులు ఇంగ్లిష్ రానివాళ్లు. వాళ్లు చెప్పుకున్నది అనువాదంగా, సారాంశంగా కుదించి నివేదికకు జతచేశారు. ఊళ్ల పేర్లు, కులాల పేర్లు, కరణం, మునసబు చేసే పనులు ఆ ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో నలిగిపోయి ఉంటాయి. దొర మంచివాడే అని రైతు నిజంగానే అన్నాడా, లేక విచారణాధికారి ముందు మరో మాట అనలేకపోయాడా అన్నది తేల్చాలంటే ఆ వాక్యం వెనక తెలుగు వినగలగాలి. నేను సరిగ్గా విన్నానో లేదో పరీక్షించే మనిషి కావాలని నేనే అడుగుతున్నాను. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో అలాంటి పెద్దలు ఉన్నారు. పిలిస్తే వీడియోలో వచ్చి ఆ పని చేస్తారు.

ట్రావెల్ గ్రాంటు ముందే ఇవ్వండి. వీసా రుసుమును కూడా అందులో కలపండి, వీసా తిరస్కరించినా ఆ రుసుము వరకు భరించండి. ఆన్‌లైన్‌లో మాట్లాడేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఫీజు వాళ్ల దేశపు ఫెలోషిప్‌కు తగ్గట్టు పెట్టండి. సభ్యత్వంతో పాటు మీ జర్నల్ చదివే వీలు ఇస్తే మాకు సదస్సు అంత మేలు. పాత హాన్సార్డ్ (పార్లమెంటు చర్చల రికార్డు) ఉచితంగా దొరుకుతోంది కానీ, పార్లమెంటరీ పేపర్ల డేటాబేస్‌కు చందా కట్టే స్తోమత మా కాలేజీలకు లేదు.

బదులుగా మా దగ్గర ఏముందని మీరు అడగవచ్చు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు దాదాపు 14 కిలోమీటర్ల పొడవైన అరల్లో ఉన్నాయి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి నెలల తరబడి కేటలాగ్ సైతం అందనప్పుడు లండన్ పరిశోధకులు ఎంత ఇబ్బంది పడ్డారో చదివాం. ఆధారం ఎక్కడో ఉంది, అందుకోలేకపోతున్నాం అన్న ఆ బాధ మాకు ఎప్పుడూ ఉండేదే. కానీ అసలు సగం కథ ఇక్కడుంది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో జిల్లా రికార్డులు, వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనంలో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రిక పాత సంచికలు చదివితే వెస్ట్‌మినిస్టర్ రాజకీయాలను తెలుగు పాఠకుడు ఎంత దగ్గరగా గమనించాడో తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ పేరును గోదావరి స్నాన సంకల్పంలో శ్లోకంగా చెప్పుకునే పురోహితులు ఇప్పటికీ ఉన్నారు. అదే శతాబ్దంలో 1832-33 నాటి డొక్కల కరువులో గుంటూరు జిల్లా శవాల దిబ్బ అయింది. కంపెనీ పాలన గురించి ఈ రెండు జ్ఞాపకాలూ ఒకే నేల మీద ఉన్నాయి. రెంటినీ కలిపి చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

మా విశ్వవిద్యాలయాల పెద్దలకూ ఈ సందర్భంగా ఒక మాట. రుసుము కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే ‘అంతర్జాతీయ సదస్సులు’ పెట్టడానికి దొరికే నిధుల్లో కొంత, ఏటా ఇద్దరు ముగ్గురు స్కాలర్లను నిజమైన సదస్సుకు పంపడానికి పక్కన పెట్టండి. వెళ్లే ముందు డిపార్ట్‌మెంటులో ఇరవై నిమిషాల పేపరు చదివించండి, కఠినంగా ప్రశ్నలు అడగండి. గంటసేపు ఉపన్యసించడం మా పిల్లలకు వచ్చు. ఇరవై నిమిషాల్లో ఒకే వాదన నిలబెట్టడం ఎవరూ నేర్పడం లేదు.

కమిటీ సభ్యులారా, మీ తర్వాతి ప్రకటన ముసాయిదా బహుశా ఇప్పటికే మొదలై ఉంటుంది. వీసా అవసరమైనవాళ్లకు ముందస్తు నిర్ణయం, వీడియోలో మాట్లాడే అవకాశం, ఒంటరి పేపర్లకు ప్యానెల్ కూర్చే బాధ్యత, దేశభాషల ఆధారాలకు తగిన వ్యాఖ్యాత, ఈ నాలుగూ అందులో రాయండి. నా ప్రతిపాదనను సవరించి మళ్లీ పంపుతున్నాను. ఈసారి శీర్షికలో మద్రాసుతో పాటు మాంచెస్టర్ కూడా ఉంది. తిరస్కరించాల్సి వస్తే పేపరు బలహీనంగా ఉందని, ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పి తిరస్కరించండి, దిద్దుకుంటాను. వేరే సదస్సుకు వెళ్లమని మాత్రం రాయకండి. మీ నుంచి జవాబు వస్తే దాన్ని తెలుగులోకి అనువదించి, ఇక్కడి స్కాలర్లందరికీ అందేలా చూస్తాను.

భవదీయుడు,
గోదావరి జిల్లా నుంచి ఒక చరిత్ర అధ్యాపకుడు